చెహ్రా కాగితం: సిపాయి ఒంటికి గవాహీ ఎవరు?

మా బంగారుపాళ్యం పేరులోనే ఫౌజు ఉంది. పాళ్యం అంటే దండు దిగిన చోటు, పాళెగాడి బలగం ఉండే ఊరు. ఇప్పుడు బయటి వాళ్లకు మా ఊరంటే మామిడికాయల మండీ, చెన్నై-బెంగుళూరు రోడ్డు మీద టీ తాగడానికి ఆగే మజిలీ, అంతే. కానీ ఈ చిత్తూరు సీమలో దండ్లు నడవని బాట లేదు. చిత్తూరుకు దగ్గర్లోని నరసింగరాయనిపేట డేరాల్లోనే 1782 డిసెంబరు 7న హైదర్ అలీ ఇంతకాల్ అయ్యారు. వీపు మీద రాచపుండు లేచింది. అప్పటికి రెండేళ్లుగా ఆర్కాటు సీమలో కంపెనీతో జంగ్ నడుస్తోంది. ఆ పుండు జంగ్ వల్ల ముదిరిందా, వయసు వల్లనా అని అప్పుడు ఎవరూ విచారణ పెట్టలేదు. టిప్పు వచ్చి చేరేదాకా మౌత్ ఖబరు బయటికి పొక్కకుండా దాచడమే దర్బారు వాళ్లకు పెద్ద పని అయింది.

నవాబును ఎవరూ అడగరు. సిపాయిని మాత్రం అడుగుతారు. "నీ బీమారీ నౌకరీ వల్లే వచ్చిందని సుబూత్ ఏది?" ఇది రెండు వందల ఏళ్లకు పైగా అడుగుతున్న సవాలు. మన ఖాందానుల్లో ఫౌజుకు పోయి వచ్చిన మామూలు, చిచ్చాలు, దాదాలు తక్కువేం కాదు. వాళ్లలో ఎంతమంది ఈ ఒక్క సవాలు దగ్గర ఆగిపోయారో లెక్క కట్టినవాళ్లు లేరు. సుబూత్ చూపించాల్సింది సిపాయా, సర్కారా? ఈ బరువు చరిత్రలో ఎవరి భుజం మీంచి ఎవరి భుజానికి మారుతూ వచ్చిందో చెప్పాలని కూర్చున్నాను. ఈ కథ ఆస్పత్రిలో మొదలవదు. సిపాయిని భర్తీ చేసుకున్న రోజు, మున్షీ రాసిన కాగితంతో మొదలవుతుంది.

ఢిల్లీలో అలావుద్దీన్ ఖిల్జీ ఫౌజును కట్టుదిట్టం చేసినప్పుడు రెండు పద్ధతులు పెట్టాడు. గుర్రానికి దాగ్, అంటే వాత. సిపాయికి హులియా, అంటే ఒంటి ఆనవాళ్ల పట్టీ. అక్బర్ కాలంలో ఇదే మళ్లీ బిగిసింది. మొఘల్ దఫ్తర్లలో ఈ పట్టీకి చెహ్రా అని పేరు. సిపాయి పేరు, బాప్ పేరు, ఏ కౌము, ఏ ఊరు, ఒంటి రంగు, నుదురు, కనుబొమ్మలు, ఎత్తు, పుట్టుమచ్చలు, మశూచి గుంటలు, పాత జఖముల మచ్చలు, అన్నీ అందులో ఉండేవి. దక్కన్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి ఇలాంటి పట్టీలు 'అర్జ్-ఓ-చెహ్రా' పేరుతో ఇప్పటికీ హైదరాబాదులోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. మూడు వందల యాభై ఏళ్ల క్రితం ఫలానా సవారు ఎడమ కనుబొమ్మ మీద కత్తి గాటు ఉందా లేదా అనే సంగతి సర్కారు దాచుకుంది. సిపాయి మీద ముహబ్బతుతో రాయించింది కాదు అది. జీతం లెక్క చూపించి, హాజరీ రోజున బజారులో దొరికిన ఎవరినో నిలబెట్టే సర్దార్ల దగా పట్టుకోవడానికి రాయించింది. షక్‌తో పుట్టిన కాగితం అది.

తమాషా ఏమిటంటే, షక్‌తో పుట్టిన ఆ కాగితమే తర్వాతి కాలంలో సిపాయి తరఫున నిలబడే గవాహీ అయింది. భర్తీ రోజున నీ ఒంట్లో ఈ లోపం లేదని సర్కారు తన చేత్తో రాసుకుంది కదా, మరి బయటికి పంపే రోజున ఆ లోపం ఎక్కడినుంచి వచ్చింది? వకీళ్ల వాదనంతా చివరికి ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తుంది. ఆ ప్రశ్న అదాలత్‌లో బలంగా నిలబడడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

కంపెనీ వాళ్లు మొఘల్ ఫౌజు నుంచి చాలా తీసుకున్నారు. సుబేదారు, జమాదారు, హవల్దారు, సిపాయి, అన్నీ మన జబానులోని మాటలే. చెహ్రా పట్టీని కూడా తీసుకుని, దానికి ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు. పనికిరాకుండా పోయిన సిపాయికి ఏమిస్తారన్న దగ్గర మాత్రం వాళ్ల లెక్క వేరు. 1765లో బెంగాల్ నవాబు మీర్ జాఫర్ చనిపోతూ రాబర్ట్ క్లైవ్‌కు అయిదు లక్షల రూపాయలు రాసిపెట్టాడు. జఖమై, జబ్బుపడి ఇంటికి పోయే కంపెనీ అఫ్సర్లకూ సోల్జర్లకూ, వాళ్ల బేవాలకూ ఇవ్వడానికి క్లైవ్ ఆ సొమ్ముతో ఒక ఫండు పెట్టాడు. 1770 నుంచి అది క్లైవ్ ఫండు పేరుతో నడిచింది. ప్లాసీలో ఎవరు ఎవరిని అమ్మారో తెలిసిన మనకు ఆ సొమ్ము ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. ఒక నవాబు ఖజానా నుంచి జారిన డబ్బు ఇంగ్లీషు సోల్జరు తెగిన కాలికి మరహం అయింది.

1857 తర్వాత రాణి సర్కారు వచ్చింది. 1871లో పింఛన్ల చట్టం చేశారు. ఆ చట్టం ప్రకారం పింఛను గురించి సివిల్ కోర్టులో దావా వేయాలంటే ముందు కలెక్టరు దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. తెచ్చుకోకపోతే కోర్టు విననే వినదు. అంటే సర్కారు ఇవ్వనంటే, ఆ సర్కారు మీద ఫిర్యాదు చేయడానికి మళ్లీ సర్కారు ఇజాజత్ కావాలి. పింఛను సర్కారు పెట్టే ఖైరాత్ అనే ఖయాలు ఆ చట్టం ఎముకల్లో ఉంది. ఖైరాత్ అడిగేవాడు సుబూత్ చూపించాలి, దండం పెట్టాలి, ఇచ్చింది పుచ్చుకోవాలి. హక్ అడిగేవాడి నిలబడే తీరే వేరు. ఈ తేడాను పట్టుకుంటే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది.

మద్రాసు ఫౌజులో తెలుగువాళ్లూ తమిళులూ పక్కపక్కన, వాళ్లతో పాటు దక్కనీ మాట్లాడే ముసల్మానులూ పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు కమాండర్-ఇన్-చీఫ్‌గా ఉన్న రాబర్ట్స్‌కు దక్షిణాది సిపాయిలు జంగ్‌కు పనికిరారని ఒక వహం ఉండేది. ఆ తర్వాత మన వైపు భర్తీ సన్నగిల్లిపోయింది. మళ్లీ పెద్ద జంగ్‌లు వచ్చినప్పుడే గుర్తొచ్చాం. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక 1941లో మద్రాస్ రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. అవసరానికి బహాదూర్, అవసరం తీరాక బేకార్. ఈ ముచ్చట ఇంతటితో వదిలేస్తాను, దీనికి వేరే వ్యాసమే కావాలి.

మన సవాలుకు నిజంగా రూపం ఇచ్చింది ఆ రెండు మహాయుద్ధాలే. అంతకు ముందు జఖం అంటే కంటికి కనిపించేది: కత్తి గాటు, తెగిన చెయ్యి, పోయిన కన్ను. మొదటి యుద్ధంలో గోతుల్లో నెలలు గడిపినవాళ్లకు, గ్యాసు పీల్చినవాళ్లకు, ఫిరంగుల మోతకు మతి చెదిరినవాళ్లకు పైకి ఏ మచ్చా లేదు. ఇంటికి పోయిన రెండేళ్లకో మూడేళ్లకో ఊపిరి అందదు, చేతులు వణుకుతాయి. అప్పుడు బ్రిటన్‌లో రెండు మాటలు పక్కపక్కన నిలబడ్డాయి. ఒకటి, నౌకరీ వల్ల వచ్చింది. రెండోది, ముందే ఉన్నది నౌకరీ వల్ల ముదిరింది. ఈ రెండో మాట చాలా పెద్దది. కాస్త లోపంతో భర్తీ అయినవాడు కూడా, ఆ లోపం ఫౌజులో పెరిగిందంటే హక్‌దారు అవుతాడు. ఏ అవయవం పోతే ఎంత నష్టమో నూటికి ఇంత అని పట్టిక వేయడం కూడా ఆ యుద్ధం ఇచ్చిన అలవాటే. ఇవాళ మన దేశంలో మెడికల్ బోర్డు 20 శాతం, 30 శాతం అని రాసే మాటకు వేళ్లు అక్కడున్నాయి.

అయినా సుబూత్ బరువు సిపాయి మీదే ఉండేది. 1943లో, రెండో యుద్ధం నడుమ, బ్రిటన్ దాన్ని తిప్పేసింది. దావా వేసినవాడు నిరూపించక్కర్లేదు, సబబైన షక్ ఏదైనా మిగిలితే దాని ఫాయిదా అతనికే ఇవ్వాలి, కాదనాలంటే సర్కారే చూపించాలి అని రాసింది. అప్పీళ్లు వినడానికి ట్రిబ్యునళ్లు పెట్టింది. వాటి మీద అప్పీళ్లు విన్న జడ్జి పేరు డెన్నింగ్. 1947లో ఆయన ముందుకు మిల్లర్ అనే సిపాయి కేసు వచ్చింది. గొంతుదారిలో కాన్సరు వచ్చి చనిపోయాడు. ఫౌజు నౌకరీయే మౌత్‌ను దగ్గరికి తెచ్చిందని బేవా అడిగింది. ఆ ఫైసలాలో డెన్నింగ్, షక్ అంటే ఎంత షక్ అనేదాన్ని కొలిచి చెప్పాడు. సబబైన సందేహం వేరు, గాలిలో మేడ కట్టినట్టు ఊహించుకునే సందేహం వేరు అనేది ఆయన మాటల సారం. ఇవాళ మన సెషన్స్ కోర్టుల్లో ఖూనీ కేసుల ఫైసలాల్లో కూడా ఆ తీర్పును ఎత్తి చూపిస్తుంటారు. ఖూనీ కేసుల్లో తిరిగే ఆ కొలత ఒక ఫౌజీ బేవా పింఛను దర్ఖాస్తులోంచి పుట్టిందని ఎంతమంది వకీళ్లకు గుర్తుందో!

ఇక మన దేశానికి వద్దాం. 1982 మన పింఛనుదార్లకు బరకత్ ఉన్న సాలు. ఆ సాలు డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీం కోర్టు, పింఛను ఖైరాత్ కాదు, చేసిన ఖిద్మత్‌కు హక్ అని తేల్చింది. అందుకే ఆ తారీఖును పింఛనుదార్ల దినంగా జరుపుకుంటారు. అదే 1982లో ఫౌజీల అంగవైకల్య పింఛనుకు అర్హతా నియమాలు వచ్చాయి. వాటిలో అయిదో నియమం ప్రకారం, భర్తీ రోజున కాగితంలో ఏ లోపమూ రాయకపోతే ఆ మనిషి ఒంట్లోనూ మనసులోనూ పూర్తి తందురుస్తుగా వచ్చాడనే అనుకోవాలి. తొమ్మిదో నియమం ప్రకారం, దావా వేసినవాడిని సుబూత్ తెమ్మనకూడదు, సబబైన షక్ ఫాయిదా అతనికే. సరిహద్దుల్లో, ఫీల్డులో పనిచేసినవాడికైతే ఆ ఫాయిదా ఇంకా దండిగా ఇవ్వాలి. అలావుద్దీన్ ఖిల్జీ మున్షీ రాసిన హులియా ఇక్కడికొచ్చి సిపాయి పక్షం మాట్లాడింది.

కాగితం మీద ఇంత బాగుంటే మరి మా మామూకు ఎందుకు అందలేదు?

మా అమ్మీ తమ్ముడు 1980లో భర్తీ అయ్యారు. సర్వీస్ కోర్‌లో డ్రైవరు. 1991లో ఈశాన్యం కొండల్లో లారీ బోల్తా పడి తల పగిలింది. కుట్లు వేశారు, తొమ్మిది రోజులు ఫౌజీ ఆస్పత్రిలో ఉన్నారు, మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నారు. 1996లో ఇంటికి వచ్చేనాటికి కాగితాల్లో షేప్-1, అంటే పూర్తి ఫిట్. 2000లో మామిడి సీజనులో మండీలో కాటా దగ్గర నిలబడి ఉండగా మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు, రెండు దర్గాలు తిప్పారు. చివరికి వేలూరులో ఒక డాక్టరు అడిగిన మొదటి మాట, "ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలిందా?"

అప్పుడు మొదలైంది కాగితాల వెతుకులాట. దర్ఖాస్తు పెడితే దఫ్తరు నుంచి మూడు లైన్ల జవాబు వచ్చింది. డిశ్చార్జి నాటికి ఫిట్, బీమారీకి నౌకరీతో తాలూకు లేదు, కాబట్టి మంజూరు లేదు. మొదటి అప్పీలు, రెండో అప్పీలు, రెండింటికీ అదే జవాబు, తారీఖు మాత్రం మారింది. ఏ డాక్టరు చూసి, ఏ సబబుతో తాలూకు లేదన్నాడో ఒక్క ముక్క లేదు. ఆ రోజుల్లో ఫౌజీల ట్రిబ్యునల్ లేదు, హైకోర్టుకు హైదరాబాదు పోవాలి. మామూ చేతిలో నెల నెలా వచ్చే సర్వీసు పింఛను, పెళ్లి కావలసిన ఇద్దరు ఆడపిల్లలు. "వదిలెయ్ బేటా, ఉన్నదాంతో సబర్ చేద్దాం" అన్నారు. 2011లో పోయారు.

ఆయనకు వచ్చింది వింత బీమారీ ఏమీ కాదు. తలకు బలమైన దెబ్బ తగిలితే మెదడులో మానిన మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ చుట్టూ ఉండే కణాలు ఏళ్ల తర్వాత కూడా ఒక్కసారిగా అదుపు తప్పి మంట రేపినట్టు చెలరేగవచ్చు. ఎక్కువమందికి మొదటి ఒకటి రెండేళ్లలోనే ఫిట్స్ మొదలవుతాయి. కొందరికి చాలా ఆలస్యంగా వస్తాయి. వియత్నాం యుద్ధంలో తలలోకి తూటాలు, ఇనుప ముక్కలు దిగిన 421 మంది అమెరికా సిపాయిలను ఏళ్ల తరబడి పరిశీలించి 1985లో లెక్కలు బయటపెట్టారు. వాళ్లలో నూటికి 53 మందికి మూర్ఛ వచ్చింది. వాళ్లలో కొందరికి మొదటి ఫిట్ దెబ్బ తగిలిన అయిదేళ్ల తర్వాతే వచ్చింది. మా మామూది లోపలికి ముక్క దిగిన దెబ్బ కాదు కాబట్టి ఆ లెక్క ఆయనకు నేరుగా వర్తించదు, అలాంటి దెబ్బకు ముప్పు తక్కువే. కానీ తక్కువ అంటే లేదని కాదు కదా! షక్ ఫాయిదా అనే మాట పుట్టింది ఇలాంటి చోట వాడడానికే.

మామూ పోయిన రెండేళ్లకు, 2013 జులై 2న, సుప్రీం కోర్టు ధరమ్‌వీర్ సింగ్ ఫైసలా వచ్చింది. ఆయన 1985లో సిగ్నల్స్‌లో సిపాయిగా చేరాడు. తొమ్మిదేళ్ల నౌకరీ తర్వాత 1994లో ఫిట్స్ బీమారీ అని, 20 శాతం వైకల్యం అని ఇంటికి పంపారు. నౌకరీతో తాలూకు లేదని మెడికల్ బోర్డు రాసింది. పింఛను దఫ్తరు ఆ మాటే పట్టుకుంది. హైకోర్టులో ఒక జడ్జి ఇవ్వమన్నారు, డివిజన్ బెంచి కాదంది. సుప్రీం కోర్టు మొత్తం నియమాలను పక్కపక్కన పెట్టి చదివింది. భర్తీ రోజు కాగితంలో ఏ నోటూ లేదు కాబట్టి అతను తందురుస్తుగానే వచ్చాడు. తర్వాత దిగజారితే అది నౌకరీ వల్లేనని అనుకోవాలి. కాదనాలంటే సబబు రాయాల్సింది మెడికల్ బోర్డే, భర్తీ రోజు పరీక్షలో ఈ రోగం ఎందుకు బయటపడలేదో కూడా వాళ్లే చెప్పాలి. సబబు రాయని అభిప్రాయానికి విలువ లేదు. పద్దెనిమిది పంతొమ్మిదేళ్లు నడిచిన ఒక సిపాయి పోరాటం దేశంలోని ఫౌజీలందరికీ ఒక చేతికర్ర ఇచ్చింది.

దాని వెనకే మరికొన్ని వచ్చాయి. 2014లో సుఖ్‌విందర్ సింగ్ కేసులో, వైకల్యం వల్ల ఇంటికి పంపారంటే దాన్ని 20 శాతానికి తక్కువ అనకూడదని చెప్పింది. అదే సాలు డిసెంబరులో రామ్ అవతార్ కేసులో, గడువు పూర్తి చేసుకుని వచ్చినవాళ్లకు కూడా శాతాన్ని పై మెట్టుకు సరిచేసే ఫాయిదా ఉంటుందని చెప్పింది. 2015లో రాజ్‌బీర్ సింగ్ కేసులో ధరమ్‌వీర్ బాటనే ఖాయం చేసింది.

అయితే ప్రతి తలుపూ తెరుచుకుందని అనుకోవద్దు. సెలవు మీద ఇంటికొచ్చి స్కూటరు మీంచి పడ్డ జుఝార్ సింగ్‌కు 2011లో సుప్రీం కోర్టు ఇవ్వలేదు, ఆ ప్రమాదానికి ఫౌజు పనితో తాలూకు లేదంది. 2019లో నర్సింగ్ యాదవ్ అనే సిపాయి మనోరోగం కేసులో, భర్తీ రోజు పరీక్షలో పట్టుకోలేని రోగాలు కొన్ని ఉంటాయని, కాగితంలో నోటు లేనంత మాత్రాన చాలదని చెప్పింది. నాకు ఈ రెండో ఫైసలా పూర్తిగా మింగుడు పడలేదు. కానీ దాని వెనక ఉన్న భయం అర్థమవుతుంది. బీపీ, షుగరు లాంటివి ఏ నౌకరీలో ఉన్నా వస్తాయి, అవన్నీ సర్కారు ఖాతాలో ఎలా వేస్తారని వాళ్ల వాదన. సరే, ఆ వాదన విందాం. విన్నాక కూడా, కొండదారిలో లారీతో పాటు తల పగలగొట్టుకున్నవాడిని షుగరు పేషంటుతో ఒకే గాటన కట్టడం ఇన్సాఫ్ అనిపించుకోదు.

ఇక్కడ మన ఖాందానులు చెవి పెట్టాల్సిన ముఖ్య సంగతి ఉంది. 1982 నియమాల స్థానంలో 2008 నియమాలు వచ్చాయి. బరువు మళ్లీ కాస్త సిపాయి వైపు ఒరిగింది. మామూలుగా సుబూత్ అడగరు అని అందులోనూ ఉంది. కానీ ఇంటికి వచ్చిన 15 ఏళ్ల తర్వాత దావా వేస్తే, అప్పటికి గడువు తీరి సర్వీసు కాగితాలు నాశనం చేసేసి ఉంటే, నిరూపించే బరువు దావా వేసినవాడిదే. ఈ మాటను నిదానంగా రెండోసారి చదవండి. కాగితం దాచాల్సిందీ సర్కారే, కాల్చేదీ సర్కారే, అది లేనందుకు జవాబు చెప్పాల్సింది సిపాయి. నౌకరీలో ఉన్నప్పుడు బయటపడని రోగం తర్వాత బయటపడితే, ఇంటికి వచ్చిన 7 ఏళ్ల లోపు అయి ఉండాలి. నౌకరీలో మొదలైన చెరుపే లోపల్లోపల నడిచి ఇప్పుడు బయటపడిందని వైద్యపరంగా తేలాలి. అప్పుడే బయటపడి ఉంటే అతన్ని ఇంటికి పంపేసి ఉండేవాళ్లనీ తేలాలి. 2023 సెప్టెంబరు 21 నుంచి ఇంకో కొత్త నియమాల పట్టీ అమల్లోకి వచ్చింది. ఫౌజీ ఎప్పుడు బయటికి వచ్చాడన్నదాన్ని బట్టి ఏ పట్టీ వర్తిస్తుందో మారుతుంది. కాబట్టి ఎవరో చెప్పిన మాట విని, మన తారీఖు చూసుకోకుండా ఆశ పెట్టుకోవద్దు, ఆశ వదులుకోవద్దు.

మన ఇళ్లలో కాగితాల సంగతి అందరికీ తెలిసిందే. పట్టాదారు పాసుబుక్కు, నిఖానామా మాత్రం బీరువాలో ఉంటాయి. ఫౌజీ కాగితాలు ఇనుప పేటికలో, పాత యూనిఫాం కింద, చెదలకు వదిలేస్తాం. మామూ పేటిక ఆయన పోయాక తీశాం. డిశ్చార్జి బుక్కు, మెడల్ రిబ్బను, పాత కాంటీను కార్డు. డ్రైవింగు లైసెన్సు అట్టలో నాలుగు మడతలు పెట్టిన ఆస్పత్రి చీటీ దొరికింది. 1991 తారీఖు, తలకు దెబ్బ, తొమ్మిది రోజులు. ఆయనకు అది ఉందన్న సంగతే యాదు లేదో, అంత చిన్న చీటీ ఏం చేస్తుందిలే అనుకున్నారో. మూడు దర్ఖాస్తుల్లో ఏ దానికీ అది జత కాలేదు. ఎందుకంటే అడిగినవాళ్లు లేరు. 1982 నియమాల ప్రకారం ఆయన్ని అడగకూడదు కూడా, ఆ చీటీ నకలు వాళ్ల దగ్గరే ఉండాలి.

మీ ఇంట్లో ఫౌజీ ఉంటే, ఇప్పుడు ఒంట్లో బాగానే ఉన్నా సరే, ఆయన్ని కూర్చోబెట్టి అడగండి: ఎక్కడెక్కడ పనిచేశారు, ఎప్పుడు దెబ్బ తగిలింది, ఏ ఆస్పత్రి, ఆ రోజు పక్కన ఎవరున్నారు. ఫిరంగుల పక్కన ఏళ్లు గడిపినవాడికి చెవి మందగించడం, మోకాలు మడతపడినవాడికి ముసలితనానికి ముందే కీలు అరగడం, మంచుకొండల్లో ఉండి వచ్చినవాడికి వేళ్లు మొద్దుబారడం, ఇవన్నీ వయసు ఖాతాలో వేసేసే ముందు తారీఖుల ఖాతాలో చూడాలి. దెబ్బ తగిలినప్పుడు యూనిట్ రాసే జఖం రిపోర్టు, మెడికల్ బోర్డు రాసే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 ఫారం, ఈ రెండింటి నకళ్లు రికార్డ్ ఆఫీసు నుంచి తెప్పించుకోవాలి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టవచ్చు. చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దర్ఖాస్తు ఎలా రాయాలో చెబుతారు. వైద్యం చేసే డాక్టరు చేత ఫిట్స్ ఉన్నాయని మాత్రమే రాయిస్తే చాలదు. ఫలానా తారీఖు దెబ్బకూ ఈ రోగానికీ సంబంధం ఎందుకు ఉండవచ్చో సబబుతో రాయించాలి. బోర్డు సబబు లేకుండా కొట్టేస్తే, ఆ సబబు లేకపోవడమే మన చేతిలో బలం.

ఆ పైన ట్రిబ్యునల్ ఉంది. 2007 చట్టం ప్రకారం ఏర్పడి 2009 నుంచి పనిచేస్తోంది. మన వైపు కేసులు వినేది చెన్నై బెంచి. మా ఊరి వాళ్లకు హైదరాబాదు కంటే అది చాలా దగ్గర. పొద్దున ఫజర్ చదివి బస్సెక్కితే, చిత్తూరు, రాణిపేట, కాంచీపురం దాటి కోర్టు వేళకు చేరుకోవచ్చు.